రిజిస్ట్రేషన్ అయ్యేదాకా

బాలానగర్,
14 మార్చి 1976

అక్కయ్యకు, సారథి నమస్కరించి వ్రాసేది.

నువ్వూ బావగారూ గుడివాడ చేరినట్టు కార్డు అందింది. నేను బాగానే ఉన్నాను. ఫ్యాక్టరీకి వెళ్తున్నాను.

మీరు వెళ్లిన నాలుగైదు రోజులకి ఇంటి అప్పు మంజూరైనట్టు కాగితం వచ్చింది. కూకట్‌పల్లిలో రుక్కమ్మ గారి ఇల్లు కొందామని పుణ్యవతీ నేనూ సంక్రాంతికి ముందు దరఖాస్తు పెట్టాం, నీకు తెలుసు. కాగితం మీద తేదీ చూస్తే పుణ్యవతి కామెర్లతో ఆసుపత్రిలో ఉన్నప్పటిది. టపాలో ఆలస్యమైనట్టుంది. చదివి, మడిచి, బీరువాలో పెట్టి డ్యూటీకి వెళ్లాను.

తరవాత అప్పు ఆఫీసుకు వెళ్లాను. అక్కడి ఆఫీసరు మంచివాడు. కూర్చోబెట్టి, "మంజూరైందంటే చేతికొచ్చినట్టు కాదండీ. రిజిస్ట్రేషన్‌కి ముందు అన్నీ మళ్లీ చూస్తాం. అప్పటిదాకా ఉద్యోగం మారకండి. కొత్త అప్పు చెయ్యకండి. ఎవరికీ హామీ సంతకం పెట్టకండి. జీతం లేని సెలవు ఒక్కరోజు కూడా పెట్టకండి. ఫిబ్రవరిలో మీకు సగం జీతమే వచ్చింది. అసలు దానికే పైవాళ్లు గొణుగుతున్నారు" అన్నాడు.

సగమే ఎందుకు వచ్చిందో చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అయితే మరీ జాగ్రత్తగా ఉండండి. ఏదీ మారనివ్వకండి" అన్నాడు. సరేనని వచ్చేశాను.

బావగారికి నా నమస్కారాలు. ఇక్కడ పుణ్యవతి కర్మకాండంతా ఆయనే దగ్గరుండి జరిపించారు. అప్పుడు చెప్పలేదు.

సారథి


గుడివాడ,
23 మార్చి 1976

చిరంజీవి సారథిని అక్కయ్య దీవించి వ్రాసేది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో నువ్వు తప్ప అన్నీ ఉన్నాయి. అన్నం ఎవరు వండుతున్నారు? తింటున్నావా? సాయంత్రం ఇంటికొచ్చి ఏం చేస్తావు? ఇవి రాయమని అడిగాను గదా, స్టేషన్లో.

ఉగాది వస్తోంది. ఈ ఏడు మనకు పండగ లేదనుకో. అయినా ఆ రోజు నువ్వక్కడ ఒక్కడివీ ఉండటం నాకు ఇష్టం లేదు. ఓ నెల సెలవు పెట్టి వచ్చెయ్యి. మేడమీద గది ఖాళీగానే ఉంది. మా అమ్మణ్ణి నీ కోసం తన పుస్తకాలన్నీ కిందికి దించేసింది.

ఇంకో సంగతి. విజయవాడలో బావగారి స్నేహితుడికి పంపుసెట్ల వర్క్‌షాపు ఉంది. నీలాంటి పనివాడు కావాలట. ఇక్కణ్ణుంచి గంటన్నర ప్రయాణం. ఆదివారాలు మా దగ్గర భోంచెయ్యొచ్చు.

ఆ ఇల్లు ఇప్పుడు ఎవరి కోసంరా? ఈ మాట రాశాక కొట్టేద్దామనుకున్నాను. ఇన్‌లాండు పాడవుతుందని వదిలేశాను. ఏమీ అనుకోకు.

భ్రమరాంబ


బాలానగర్,
4 ఏప్రిల్ 1976

అక్కయ్యకు నమస్కారాలు.

అడిగినవాటికి జవాబులు. పొద్దున టీ. మధ్యాహ్నం ఫ్యాక్టరీ క్యాంటీను. రాత్రి రొట్టెలు, పక్క వీధిలో మెస్సు నుంచి తెచ్చుకుంటాను. సాయంత్రం ఇంటికొచ్చి కూర్చుంటాను.

సెలవు కుదరదు. ఉన్న సెలవంతా ఆసుపత్రిలో అయిపోయింది. ఇంకొక రోజు పెట్టినా జీతం కోస్తారు, జీతం కోస్తే అప్పు ఆఫీసులో తెలుస్తుంది. విజయవాడ ఉద్యోగమూ కుదరదు. ఇక్కడ కూడా మా పాత ఫోర్‌మన్ సొంతంగా షెడ్డు పెట్టుకుని ఎక్కువ జీతానికి రమ్మన్నాడు. రిజిస్ట్రేషన్ అయ్యేదాకా రాలేనని చెప్పాను. "తరవాత నాకు అక్కర్లేదయ్యా" అని వెళ్లిపోయాడు.

ఎవరి కోసమని అడిగావు. నాకు తెలియదు. కొనడం మానుకోవాలంటే ఆఫీసుకు వెళ్లాలి, వద్దని రాసివ్వాలి, రుక్కమ్మ గారికి చెప్పాలి, బయానా సంగతి మాట్లాడాలి. అవన్నీ చేసే ఓపిక నాకు లేదు. కొనడమైతే దానంతటదే జరుగుతోంది.

మొన్న వానపడింది. ఆ ఇంటి పైకప్పు కారలేదు.

సారథి


గుడివాడ,
20 ఏప్రిల్ 1976

చిరంజీవి సారథికి,

కులాసాగా ఉన్నానని రాయవు, లేనని రాయవు. సరే.

ఈ ఉత్తరం రాయనా వద్దా అని వారం రోజులు తటపటాయించాను. మీ బావగారు వద్దన్నారు. ఆయన పడుకున్నాక రాస్తున్నాను.

మన అచ్చాఫీసులో పెద్ద మిషను మనది కాదని తెలుసుగా. అద్దెది. దాని ఆసామి ఇప్పుడు అమ్మేస్తానంటున్నాడు. వైశాఖం వెళ్లేలోగా మనం కొంటే సరి, లేకపోతే ఏలూరు వాళ్లు పట్టుకుపోతారట. బ్యాంకువాళ్లు అప్పు ఇస్తామన్నారు, కానీ నెల జీతం వచ్చే ఉద్యోగస్తుడు ఒకరు హామీ సంతకం పెట్టాలట. మనవాళ్లలో అలాంటివాడివి నువ్వొక్కడివే. బావగారు అప్పు ఎగ్గొట్టే మనిషి కాదని నేను నీకు చెప్పాలా? ఆ మిషను పోతే ఇక పెళ్లి శుభలేఖలు కూడా వేసుకోలేం.

కాగితాలు పంపితే సంతకం పెట్టి పంపు. అంతకంటే ఏమీ అడగను.

మామిడికాయలు దిగుతున్నాయి. ఆవకాయ పెడితే నీకు ఎవరి చేతయినా పంపుతాను.

భ్రమరాంబ


బాలానగర్,
27 ఏప్రిల్ 1976

అక్కయ్యకు. ఉత్తరం అందింది. హామీ సంతకం పెట్టడానికి వీలులేదు. రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ఎవరికీ పెట్టకూడదు. కాగితాలు పంపవద్దు. సారథి.


గుడివాడ,
16 మే 1976

సారథికి,

సంతకం పెట్టనందుకు కాదురా. కార్డు మీద రాసినందుకు.

పోస్ట్‌మ్యాన్ గుమ్మంలో నిలబడి చదివి మరీ ఇచ్చాడు. "మీ తమ్ముడు గారు కుదరదన్నారండీ" అని తనే చెప్పాడు. సాయంత్రానికి వీధి వీధంతా తెలిసింది. బావగారు పంచాంగం అచ్చుకు టైపు ఫారాలు కడుతున్నారు. కార్డు చూసి, పక్కన పెట్టి, మళ్లీ కట్టుకున్నారు. "అడక్కుండా ఉండాల్సింది" అన్నారు. ఆ ఒక్క ముక్కే.

నీ పెళ్లాం పోయినప్పుడు ఆ మనిషి దుకాణం మూసేసి వచ్చి నీ గుమ్మంలో చాప మీద పడుకున్నాడు. నేను లెక్క చెప్పడం లేదు. నువ్వు కవరు కొని, నాలుగు మాటలు, "అక్కా, నాకు ఇలా ఉంది" అని రాయలేకపోయావా?

నీకు ఇల్లు ఎక్కువైంది. ఉండు దాంతోనే.

ఆవకాయ పెట్టాను. పంపలేదు.

భ్రమరాంబ


బాలానగర్,
2 జూన్ 1976

అక్కయ్యకు నమస్కారాలు.

కార్డు మీద రాయకూడదని తోచలేదు. ఇంట్లో అదొక్కటే ఉంది. బావగారిని క్షమించమని చెప్పు.

ఇంటి కాగితాలు నిజాం కాలం నాటివి. ఉర్దూలో ఉన్నాయి. తెలుగులోకి రాయించి, వకీలు చూసి, తరవాతే రిజిస్ట్రేషన్ అట. రాసే మున్షీ పెళ్లిళ్ల సీజనని ఊరెళ్లాడు. రుక్కమ్మ గారి కొడుకు ఎల్లేశం తొందరపడుతున్నాడు. గోపన్‌పల్లి దగ్గర యూనివర్సిటీ కడుతున్నారు, అక్కడ హోటలు పెట్టుకోవాలని అతని ఆలోచన. ఎవరో రొక్కం ఇచ్చి వెంటనే కొంటామంటున్నారట. "దసరా దాక చూస్త సార్. ఇగ ఆ తర్వాత నా వల్ల గాదు" అన్నాడు. సరేనన్నాను.

అప్పు ఆఫీసు నుంచి మనిషి వచ్చి ఫ్యాక్టరీలో నా హాజరు చూసి వెళ్లాడు. బాగానే ఉందన్నాడు.

ఏలూరు వాళ్లు మిషను తీసుకెళ్లారా?

సారథి


గుడివాడ,
11 జులై 1976

సారథికి,

నీ ఉత్తరానికి జవాబు రాయకూడదనుకున్నాను. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

మన సోమేశ్వరరావన్నయ్య బాలానగర్ నుంచి వచ్చాడు. వాళ్లావిడ కూకట్‌పల్లి సంతలో నువ్వు ఇల్లు కొంటున్న ఆ ముసలావిడను చూసిందట. మాటల్లో నీ పేరు వచ్చిందట. "ఆ సారు పెండ్లం కాన్పుకు పోయింది, దసరాకు బిడ్డతోని ఇంట్ల కాలు పెడతరు" అందట ఆవిడ.

ఏమిటిరా ఇది? పుణ్యవతి పోయి ఆరు నెలలు కాలేదు. కాన్పుకి వెళ్లిన పెళ్లాం ఎవరు? సోమేశ్వరరావన్నయ్య ముఖం పక్కకి తిప్పుకుని, "పుణ్యవతి ఉండగానే ఏదో ఉందేమో" అన్నాడు. నేను ఆయన ముందున్న కాఫీ గ్లాసు తీసేశాను. ఆ మాట నమ్మలేదు. కానీ నమ్మకుండా ఉండటానికి నువ్వు నాకు ఏమి ఇచ్చావు? సెలవు లేదన్నావు, సంతకం లేదన్నావు, మా మొహం చూడనన్నావు. ఇల్లు మాత్రం కావాలన్నావు.

నిజం రాయి. ఏదైనా సరే రాయి. కవరులో రాయి.

భ్రమరాంబ


బాలానగర్,
19 జులై 1976

అక్కయ్యకు నమస్కారాలు.

ఎవరూ లేరు.

అప్పు కాగితం వచ్చిన వారంలోనే ఆదివారం నాడు రుక్కమ్మ గారికి చెప్పడానికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. "ఒక్కనివే వచ్చినవ్? పిల్లేది?" అంది. పుణ్యవతి ఆ ఇల్లు చూడటానికి మూడుసార్లు వెళ్లింది. మూడోసారి నేను లేకుండా వెళ్లి ఆవిడతో కూర్చుని బీడీ ఆకు కత్తిరించి వచ్చింది. ఆవిడకి పుణ్యవతి అంటే ఇష్టం.

"ఊరెళ్లింది" అన్నాను. ఎందుకలా అన్నానో తెలియదు. నోటికి అదే వచ్చింది.

"కాన్పుకా?" అంది, నవ్వుతూ.

నేను తలూపాను. ఎన్నో నెల అంటే మూడో నెల అన్నాను.

తరవాత వెళ్లినప్పుడల్లా అడుగుతుంది. మంచిగుందా, తిండి తింటుందా, ఎన్నో నెల? బాగుందని చెబుతున్నాను. మొదట్లో నిజం చెప్పేద్దామని వెళ్లేవాణ్ణి. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. అక్కడ కూర్చున్నంతసేపూ పుణ్యవతి ఎక్కడో బాగానే ఉన్నట్టుంటుంది. ఒక్క ఆ అరుగు మీదే అలా ఉంటుంది. అది తప్పని నాకు తెలుసు.

నాకు ఏడుపు రాలేదక్కయ్యా. నువ్వు ఇక్కడున్న పన్నెండు రోజులూ నా మొహంకేసి చూస్తూనే ఉన్నావు. వస్తుందేమో అనుకున్నాను. ఆఫీసరు ఏదీ మారనివ్వద్దన్నప్పుడు నాకు హాయిగా అనిపించింది. ఇంట్లో కూడా ఏదీ మార్చలేదు. మారిస్తే ఏమవుతుందో తెలియదు.

బావగారికి ఈ ఉత్తరం చూపించు. మిషను సంగతి నువ్వు రాయలేదు.

సారథి


గుడివాడ,
8 ఆగస్టు 1976

నాయనా సారథీ,

ఉత్తరం బావగారికి చూపించాను. చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. తరవాత బయటికి వెళ్లి వచ్చారు.

సోమేశ్వరరావన్నయ్యకు నేనే కబురు పంపాను. ఇంకెవరైనా ఏమైనా అంటే నాతో అనమన్నాను.

మిషను జూన్ నెలలోనే వెళ్లిపోయింది. బావగారు విజయవాడలో వేరే వాళ్ల ప్రెస్సులో కంపోజింగుకి వెళ్తున్నారు. పొద్దున బండికి వెళ్లి దీపాలు పెట్టే వేళకి వస్తారు. తన బోర్డు దించి అటక మీద పెట్టారు. నీకు రాయవద్దన్నారు. రాయకపోతే నువ్వు అన్నీ బాగానే ఉన్నాయనుకుంటావు, అందుకని రాస్తున్నాను. నిన్ను దెప్పడానికి కాదు. జరిగింది జరిగినట్టు ఒకరికొకరం చెప్పుకోకపోతే ఎట్లా పాడవుతుందో చూశాం గదా.

ఆ ముసలావిడకు చెప్పు సారథీ. ఆవిడ కోసం కాదు. నీ కోసమూ కాదు. పోయిన పిల్లను పోయిందని ఒప్పుకోవాలి, లేకపోతే దానికి నిలకడ ఉండదు. మన నాయనమ్మ అయితే అలాగే అనేది.

అక్కయ్య


బాలానగర్,
17 సెప్టెంబరు 1976

అక్కయ్యకు నమస్కారాలు.

నిన్న రిజిస్ట్రేషన్ అయింది.

ఆగస్టులో నీకు రాయలేదు. జ్వరం వచ్చింది. సెలవు లేదు కనక వెళ్లాను. ఒకరోజు మిషను దగ్గర నిలబడి ఉండగా కింద నేల కదిలినట్టయింది. పక్కవాడు మెయిన్ స్విచ్చి ఆపాడు. చెయ్యి పోవాల్సింది, చొక్కా చేతితో పోయింది. సూపర్‌వైజరు ఇంటికి వెళ్లమన్నాడు. జీతం కోస్తారా అని అడిగాను. ఆయన నాకేసి చూసి, స్టోర్సులో స్టూలు వేయించి సాయంత్రం దాకా కూర్చోబెట్టాడు. హాజరు పడింది. రిజిస్ట్రేషన్‌కి ముందు రోజు ఆఫీసరు మళ్లీ అన్నీ చూశాడు. జీతం, అప్పులు, హామీలు, ఏ కాలమ్‌లోనూ ఏమీ లేదు. "ఇంత శుభ్రమైన ఫైలు నేను చూడలేదండీ" అన్నాడు.

రిజిస్ట్రారాఫీసుకి ఆఫీసరూ నేనూ వెళ్లేసరికి రుక్కమ్మ గారూ ఎల్లేశమూ చెట్టుకింద కూర్చుని ఉన్నారు. ఆవిడ కొత్త చీర కట్టుకుంది. వేలిముద్రలు వేయించారు. నేను సంతకాలు పెట్టాను. చెక్కు ఎల్లేశం చేతికిచ్చారు. అంతా అయ్యాక బయటికొచ్చి ఆవిడ సంచి విప్పింది. అందులోంచి ఒక బొంత తీసింది. చిన్నది. పాత చీరల ముక్కలు కలిపి చేత్తో కుట్టింది.

"బిడ్డకు కొడుకా. కొత్త గుడ్డ గుచ్చుకుంటది. నా చీరలే, మెత్తగున్నయి. మగపిల్లడా, ఆడపిల్లనా? ఇంక కబురు రాలే?"

అప్పుడు చెప్పాను. "అమ్మా, ఆమె చనిపోయింది" అన్నాను. "ఎప్పుడు?" అంది. "ఫిబ్రవరిలో."

ఆవిడకు అర్థం కాలేదు. వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ఎల్లేశం, "ఏంది సార్, ఏమంటున్నరు?" అన్నాడు. మళ్లీ చెప్పాను. కాన్పు లేదు, బిడ్డ లేదు, మొదటిరోజు నువ్వు అడిగినప్పటికే ఆమె లేదు అని చెప్పాను.

రుక్కమ్మ గారు నా జబ్బ మీద కొట్టింది. గట్టిగానే కొట్టింది. "గిన్ని దినాలు నాకెందుకు చెప్పలే? నీ మీద పానం పెట్టుకుంటి. దినాం దేవునికి మొక్కితి, పిల్ల సల్లగ కనాలని. సచ్చినదాని కోసం మొక్కితినా?" అని అరిచింది. అందరూ చూస్తున్నారు. ఎల్లేశం, "అమ్మా, జర నిమ్మలం" అని పట్టుకోబోయాడు. ఆవిడ అతన్ని నెట్టేసి నేల మీద కూలబడింది. నేనూ పక్కన కూర్చున్నాను.

కొంగుతో మొహం తుడుచుకుని, "ఎట్ల పోయింది?" అంది.

చెప్పాను. కళ్లు పచ్చబడటం, పసరుమందు అని ఆలస్యం చెయ్యడం, దవాఖానాలో మంచం దొరక్కపోవడం, చివరిరోజు నన్ను గుర్తుపట్టకపోవడం. నీకు కూడా ఇంత వివరంగా చెప్పలేదు. ఆవిడ మధ్యమధ్య "అయ్యో బిడ్డా" అంటూ విన్నది. ఆవిడ ఏడ్చింది. నేను ఏడవలేదు. కానీ చివరిరోజు సంగతి రెండుసార్లు చెప్పాను.

లేచేటప్పుడు బొంత నా ఒళ్లో పెట్టింది. వద్దన్నాను. "ఇది మళ్ల ఇంటికి తీస్కపోను. ఉంచుకో. మోకాళ్ల మీదన్న కప్పుకో, చలికాలం వస్తది" అంది.

తాళంచెవి ఇచ్చి వెళ్లారు. ఇంకా తలుపు తీయలేదు. తీయాలి.

బావగారి మిషను గురించి నేను ఏమీ రాయలేను.

సారథి


గుడివాడ,
24 సెప్టెంబరు 1976

నాయనా సారథీ,

అమ్మణ్ణి చేత నీ ఉత్తరం చదివించుకున్నాను, నీళ్లు నిండి కళ్లు కనపడక. అది సగంలో ఆపి వంటింట్లోకి పారిపోయింది. మిగతాది బావగారు చదివారు.

నాకు నీ మీద కోపం ఉంది. పోయిందని అబద్ధం చెప్పను. బావగారు వర్షంలో స్టేషనుకి పరిగెత్తినప్పుడల్లా వస్తుంది. ఆ కోపంతోనే రాస్తున్నాను, నువ్వు రా. ఇప్పుడు అడ్డేమీ లేదు. నీ ఆఫీసరు చెప్పినవన్నీ తీరిపోయాయి.

రాలేనంటే మేమే వస్తాం. కొత్త ఇంట్లో పాలు పొంగించాలంటే ఆడదిక్కు ఉండాలి. కానీ ముందు నువ్వు ఇక్కడికి వస్తే బాగుంటుందని బావగారు అంటున్నారు. "మనం వెళ్తే వాడు మనకి మర్యాదలు చేస్తూ తప్పించుకుంటాడు. వాణ్ణే రమ్మను" అన్నారు.

అక్కయ్య


కూకట్‌పల్లి,
29 సెప్టెంబరు 1976

అక్కయ్యకు,

నిన్న తలుపు తీశాను. ఎల్లేశం వచ్చి సాయం చేశాడు. గదులు కడిగాం. ఎల్లేశం వెళ్లాక పుణ్యవతి ట్రంకుపెట్టె తెచ్చి లోపలి గదిలో దించాను. అది ఎక్కడ పెట్టాలని అడగడానికి వంటింటి వైపు తిరిగాను. నోరు తెరిచి పిలిచాను కూడా.

ఆ తరవాత ఏం జరిగిందో రాయడం నాకు చేతకాదు. పక్కింటివాళ్లు వచ్చి నీళ్లిచ్చారు.

పొద్దున ఫ్యాక్టరీకి వెళ్లి సెలవు అడిగాను. జీతం కోస్తామన్నారు. సరేనన్నాను.

వచ్చే వారం శుక్రవారం బండికి బయలుదేరుతున్నాను. స్టేషనుకి ఎవరూ రావద్దు. బావగారు పనినుంచి వచ్చాక ఆయన ఎదురుగా కూర్చుంటాను. ఏమైనా అననీ.

అమ్మణ్ణికీ, ఇరుగుపొరుగుకీ చెప్పు. మొదటిరోజు నన్నెవరూ ఏమీ అడగవద్దు. రెండోరోజు నువ్వు అడుగు.

సారథి